నాకు పద్దెనిమిదే నార్మల్

1992 సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున మెలకువ వచ్చి, మంచం దిగడానికి ఎడమ పక్కకు ఒత్తిగిల్లాను. గది గిర్రున తిరిగింది. కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాక ఆగింది. కాసేపాగి మళ్ళీ అటే తిరిగి చూశాను. మళ్ళీ అంతే. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "5.40. ఎడమకు తిరిగితే తల తిరుగుడు. కుడికి తిరిగితే లేదు. లేచి నిలబడ్డాక లేదు. కాఫీ తాగాక అసలు లేదు."

ఈ నాలుగు ముక్కలూ చదివి, "ఇది చెవి సంగతి, దానంతట అదే పోతుంది" అని చెప్పిన డాక్టరు నాకు మూడేళ్ళ తర్వాత దొరికింది. అప్పటికి నా ఒంట్లోంచి ఇరవై ఆరు సీసాల రక్తం తీసేశారు. ఈ వ్యాసం నేను కోపంతో రాస్తున్నాను. ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.

మాది చోడవరం. షుగర్ ఫ్యాక్టరీ లాబొరేటరీలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చెరకు రసం చిక్కదనం కొలవడం, కొలిచింది కొలిచినట్టు రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది. పందొమ్మిదో ఏట మొదలుపెట్టిన డైరీ ఒక్క రోజు కూడా ఆపలేదు.

తల తిరిగిన మర్నాడు మా ఊరి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బీపీ చూసి, కళ్ళ రెప్పలు కిందికి లాగి చూసి, రక్తపరీక్ష రాశారు. పక్కనే చిన్న ల్యాబు. అక్కడి టెక్నీషియన్ నా చెయ్యి గుచ్చి, సిరంజి వైపు వింతగా చూశాడు.

"బాబూ, మీ రక్తం పాకంలాగుందండి. సూదిలోకి రానంటంది."

హిమోగ్లోబిన్ చూసే పద్ధతి నాకు ఆసక్తిగా ఉండి పక్కనే నిలబడ్డాను. సన్నటి గాజు గొట్టంలో రక్తం చుక్క, ఆసిడ్ కలిపి, పక్కనున్న రంగుతో సరిపోయేదాకా నీళ్ళు చుక్కచుక్కగా పోస్తారు. అతను పోస్తూనే ఉన్నాడు. పద్నాలుగు గీత దాటింది. పదహారు దాటింది. పద్దెనిమిది దాటింది. అతను నా ముఖం చూశాడు, నేను గొట్టం చూశాను.

"పద్దెనిమిదిన్నరండి," అన్నాడు. "ఇంత నానెప్పుడూ సూడలేదు."

డాక్టరుగారు కాగితం చూసి నవ్వారు. "ఏటండి, సిగరెట్లు గట్టిగా లాగించేస్తన్నారేటి?"

"లేదండి. జన్మలో తాగలేదు."

"మందు?"

"లేదండి."

"మరి మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగ రక్తం ఎక్కువుందేటి?"

"లేదండి."

మూడుసార్లు లేదన్నాను. మొదటి రెండూ నిజం. మూడోది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. మా ఇంట్లో ముఖం ఎర్రగా లేనివాళ్ళే తక్కువ. ప్రతి ఎరుపుకీ మా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. మా నాన్న ఏటా చెరకు ఆడించి బెల్లం వండేవాడు. ఆయన ముఖం, చెవులు, కళ్ళు ఏడాది పొడవునా ఎర్రగానే ఉండేవి. పొయ్యి సెగ అన్నాం. మా అప్ప, అంటే నా అక్క, అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని మా వైపు ఆడవాళ్ళు కాల్చే పద్ధతి అది. అప్ప ఎరుపు చుట్టది అన్నాం. నాది ఫ్యాక్టరీలో ఆవిరి దగ్గర నిలబడి నిలబడి వచ్చిందన్నాం. ముగ్గురికి మూడు కారణాలు దొరికాయి. ముగ్గురికీ ఒకటే కారణం ఉండవచ్చని మాలో ఎవరికీ తోచలేదు. చెరకూ చుట్టా లేని ఊళ్ళో పుట్టి ఉంటే ఎవరికైనా తోచేదేమో.

డాక్టరుగారు నన్ను విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన పేరు రాయను. రాయకపోవడం ఆయన మీద గౌరవంతో కాదు.

అక్కడ పరీక్షలు వారం రోజులు జరిగాయి. ఎర్రకణాలు అరవై ఎనిమిది లక్షలు. రక్తంలో ఎర్రకణాల వంతు చెప్పే పీసీవీ నూటికి యాభై ఏడు. తెల్లకణాలు మామూలే. ప్లేట్‌లెట్లు మామూలే. కడుపు స్కానింగ్‌లో స్ప్లీన్, అంటే ప్లీహం, మామూలే. తుంటి ఎముకలో సూది దింపి బోన్ మ్యారో తీశారు. ఆ నొప్పి గురించి డైరీలో ఒక్క మాటే ఉంది: "భరించాను."

ఆయన కాగితాలన్నీ ఒకసారి తిరగేసి చెప్పేశారు.

"పాలిసైథీమియా వేరా. ఎముక మూలుగ అదుపు తప్పి ఎర్రకణాలు తయారు చేసేస్తోంది. క్యాన్సరని అనను గానీ, క్యాన్సరున్న వీధిలోనే దీని ఇల్లు. రక్తం ఇంత చిక్కగా ఉంటే ఏ రోజైనా గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. తీసేయాలి."

"తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ సరిగానే ఉన్నాయి కదండీ?" అన్నాను.

"ఇవాళ ఉన్నాయి. రేపు పెరుగుతాయి."

"స్ప్లీన్ కూడా పెరగలేదని రాశారండి."

"అదీ పెరుగుతుంది."

మూడేళ్ళు ఎదురుచూశాను. ఏదీ పెరగలేదు. పెరగనందుకు ఆయన ఒక్కసారీ ఆశ్చర్యపోలేదు.

రక్తం తీయించుకోవడానికి మాత్రం నేనే తొందరపడ్డాను. అది దాచను. ఫ్యాక్టరీలో ప్యాన్‌లో పాకం మరీ చిక్కబడితే వేడినీళ్ళు వదిలి పలచన చేస్తాం. లేకపోతే పాకం గడ్డకట్టి ప్యాన్ పాడవుతుంది. ముప్ఫై రెండేళ్ళు అదే చూసినవాడికి, చిక్కటి రక్తం పలచన చెయ్యాలంటే వేరే రుజువు అక్కర్లేకపోయింది. నా వృత్తే నన్ను మోసం చేసింది. రక్తం పాకం కాదు. ఒంటికి దాని సొంత లెక్క ఉంటుంది.

మొదటి ఆరు సీసాలు వారానికొకటి తీశారు. తర్వాత నెలకొకటి. ప్రతిసారీ మూడువందల యాభై మిల్లీలీటర్లు. మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెల నుంచి మా మేడ మెట్లు ఎక్కడం కష్టమైంది. ఇరవై రెండు మెట్లు. అంతకుముందు బియ్యం బస్తా భుజాన వేసుకుని ఎక్కేవాణ్ణి. ఇప్పుడు పదకొండో మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. వడ్డాది సంతకు సైకిలు మీద వెళ్ళేవాణ్ణి, ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టాను.

మా ఆవిడ సత్యవతి ఒకరోజు మెట్ల మీద నన్ను చూసి అంది: "రోగం తగ్గతన్నాదంటారు, మనిషి తగ్గిపోతన్నారు. ఏటిదంతా?"

మొదటి సీసా తీయకముందు నుంచీ రోజూ పొద్దున మెట్లెక్కి, నాడి లెక్కపెట్టి రాసేవాణ్ణి. ఎనిమిది నెలలయ్యాక గ్రాఫ్ కాగితం తెచ్చి గీశాను. ఒక గీత హిమోగ్లోబిన్. ఇంకో గీత మెట్లెక్కాక నాడి. హిమోగ్లోబిన్ పద్దెనిమిది ఉన్నప్పుడు నాడి ఎనభై నాలుగు. పదిహేనున్నప్పుడు నూట నాలుగు. పద్నాలుగున్నప్పుడు నూట పద్దెనిమిది. ఒక గీత ఎంత దిగితే రెండోది అంత ఎక్కుతోంది. ఆ కాగితం మడవకుండా అట్టలో పెట్టుకుని విశాఖపట్నం పట్టుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండు క్షణాలు చూశారు. రెండే.

"బాగా గీశారు. చూడండీ, మీ హిమోగ్లోబిన్ ఇప్పుడు పద్నాలుగు. ఇది నార్మల్. నార్మల్‌లో ఉన్న మనిషికి ఆయాసం వస్తే దాని పేరు వయసు."

"ఎనిమిది నెలల్లో అంత వయసొచ్చేసిందాండీ?"

నర్సు నవ్వింది. ఆయన నవ్వలేదు. "రిటైరైనవాళ్ళకు ఇదే పని. మనవలుంటే ఆడించుకోండి. ఈ గ్రాఫులు నాకొదిలేయండి," అని కాగితం నా వైపు తోసేశారు.

నాకొదిలేయండి అన్నారు గానీ తన దగ్గర ఉంచుకోలేదు, తోసేశారు. ఆ గ్రాఫులో ఆయనకు కావలసిన జవాబు మొత్తం ఉంది. నార్మల్ అనే అంకె దగ్గర నేను జబ్బు మనిషిని, జబ్బు అనే అంకె దగ్గర మామూలు మనిషిని అని అది చెబుతోంది. చదువు రానివాడికి ఇచ్చి ఉంటే పోనీలే అనుకుందును.

రక్తం తీస్తున్నకొద్దీ ఒళ్ళు మళ్ళీ తయారు చేస్తూనే ఉంది. ఒళ్ళు మొండికేస్తోంది కాబట్టి మందు వేయాలన్నారు. 1993 చివర్లో ఎముక మూలుగను అణిచే హైడ్రాక్సీయూరియా క్యాప్సూళ్ళు మొదలుపెట్టారు. నోరు పూసింది. మజ్జిగన్నం తప్ప ఏదీ దిగేది కాదు. తర్వాత జూన్‌లో జ్వరం వచ్చింది, తగ్గలేదు. తెల్లకణాలు పద్దెనిమిది వందలకు పడిపోయాయి. న్యుమోనియా. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. అందులో నాలుగు రోజులకు డైరీ లేదు. తర్వాత అడిగి రాసుకున్నాను. నలభై ఏడేళ్ళలో నేను చూసి రాయని రోజులు ఆ నాలుగే.

అప్ప రోలుగుంట నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "ఒరే తమ్ముడా," అంది, "నీకు రక్తం ఎక్కువైందని తీసేసినారు. ఇప్పుడు నీ మొకం సూస్తే సున్నం కొట్టిన గోడలాగున్నాది. ఇంకేటి తీస్తార్రా ఈళ్ళు?"

తగ్గాక మోతాదు సగం చేసి అవే క్యాప్సూళ్ళు మళ్ళీ ఇచ్చారు. నేను మింగాను. ఎందుకు మింగానని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. జవాబు ఒకటే: డాక్టరు చెప్పాడు కాబట్టి.

ఇంతవరకూ నా ఒక్కడి సంగతే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా అమ్మాయి పద్మను అనకాపల్లి ఇచ్చాం. అల్లుడు బెల్లం మార్కెట్లో గుమస్తా. పెళ్ళయి రెండేళ్ళయినా కడుపు పండలేదని 1995 ఆగస్టులో అక్కడ లేడీ డాక్టరుకు చూపించుకున్నారు. ఆమె అన్ని పరీక్షలూ చేసి, అన్నీ బాగున్నాయి గానీ హిమోగ్లోబిన్ పదిహేడు ఉందేమిటని అడిగింది. పద్మ నా జబ్బు సంగతి చెప్పింది. ఇంకేం, అదే డాక్టరు దగ్గరికి పంపారు. నేనూ వెంట వెళ్ళాను.

ఈసారి బోన్ మ్యారో కూడా అక్కర్లేకపోయింది. "మీ నాన్నగారి జబ్బే," అన్నారాయన. "పాపం, ఇద్దరికీ వచ్చింది. చిన్న వయసు కాబట్టి ఇప్పుడే క్యాప్సూల్ మొదలుపెడదాం. ఇది వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. బిడ్డకు ప్రమాదం."

"ఎంతకాలం వాడాలండీ?" పద్మ అడిగింది.

"జీవితాంతం."

చీటీ చింపి ఇచ్చి బెల్లు కొట్టారు. తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు. మేమింకా కుర్చీల్లోంచి లేవలేదు.

తిరుగు బస్సులో పద్మ కిటికీ పక్కన కూర్చుంది. అల్లుడు వెనక సీటులో. సబ్బవరం దాటాక పద్మ సంచిలోంచి క్యాప్సూళ్ళ పట్టీ తీసి నా చేతిలో పెట్టింది.

"నాన్నా, మీరు మింగేరు కదా. మింగమంటారా?"

నోరు పూసిన రోజులు, ఆస్పత్రి మంచం, పదకొండో మెట్టు, అన్నీ ఆ పట్టీలో కనిపించాయి. నా బిడ్డకు బిడ్డ ఉంటుందా ఉండదా అన్నది నా ఒక్క మాట మీద ఉంది.

"ఆగు," అన్నాను. "నేను చెప్పేదాకా ఒక్కటీ ముట్టుకోకు."

"ఆగుతాను. గానీ నాన్నా, ఒకటడుగుతాను," అంది. "మీ తర్వాత నాకొచ్చింది. మరి మీకు ముందెవరికీ లేదా? అత్త మొకం కూడా నాలాగే కంది ఉంటాది కదా. మీ డైరీల్లో అత్త రక్తం ఎంతో రాసుంటాదేమో సూడకూడదా?"

"అత్తది చుట్ట వల్లే."

"చుట్ట వల్లని ఎవరు చెప్పేరు?"

ఇంటికెళ్ళి డైరీలు దించాను. అప్పకు శుక్లాల ఆపరేషను చేయించింది నేనే. 1989. రెండు గంటలు వెతికితే దొరికింది. నా చేతి రాతే: "అప్ప హిమోగ్లోబిన్ 18. చుట్ట వల్ల అని డాక్టరు. మానమన్నారు. మానదట."

ఆ పేజీ ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవర్నీ తిట్టలేదు. 1989లో నేనే రాసుకుని, మూడేళ్ళ తర్వాత "మీ ఇంట్లో ఎవరికైనా" అని అడిగితే "లేదండి" అన్నాను. రాయడం వేరు, చదవడం వేరు. నేను రాసేవాణ్ణి మాత్రమే.

మర్నాడే డైరీ చంకన పెట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"మా అప్పకీ పద్దెనిమిదండి. ఈ జబ్బు తండ్రి నుంచి పిల్లలకు రాదని మీరే ఒకసారి చెప్పారు. మరి ముగ్గురికి ఎలా వచ్చిందండీ?"

"ఆమె చుట్ట తాగుతుందని మీరే రాశారు కదా. పొగ తాగితే పెరుగుతుంది."

"మా అమ్మాయి తాగదండి."

"చూడండి పెద్దాయనా," అన్నారు గొంతు పెంచి, "డాక్టరు మీరా, నేనా?"

"మీరేనండి. అందుకే అడుగుతున్నాను."

వేరే చోట చూపించుకుంటాను, ఉత్తరం రాసివ్వమన్నాను. "అవసరం లేదు," అన్నారు. బెల్లు కొట్టారు.

ఉత్తరం రాసిచ్చింది మా ఊరి డాక్టరుగారు. గ్రాఫు, డైరీ, నా రిపోర్టు, పద్మ రిపోర్టు ఆయన బల్ల మీద వరసగా పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత బీరువాలోంచి అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పారు.

"సదువుకున్నప్పుడు, ఇంట్లో వరసగా వచ్చే ఎక్కువ రక్తం మీద ఒక పేరా ఉండేదండి," అన్నారు. "పరీక్షలో రాదని ఒగ్గేసేను." పుస్తకం మూసి, "మీరు లేదన్నాక నాను ఇంకోసారి గుచ్చి అడగాల్సిందండి. తప్పయిపోయింది," అన్నారు.

నా జబ్బు కథలో తప్పయిందన్న డాక్టరు ఆయన ఒక్కరే.

తమిళనాడులో రక్తం జబ్బులకు వేరే విభాగమున్న పెద్ద ఆస్పత్రికి ఆయన రాశారు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ముగ్గురూ రావాలి, పరీక్షకు తాజా రక్తం కావాలి, పోస్టులో పంపితే పనికిరాదు. పోల్చి చూడడానికి సంబంధం లేని మనిషి ఒకరు కావాలి. పొగ తాగేవారు రెండు రోజుల ముందు నుంచి పూర్తిగా మానాలి.

చివరి షరతు అప్పకు చెప్పినప్పుడు రోలుగుంటలో వీధంతా వినిపించింది.

"నాకు డెబ్బై రెండేళ్ళురా! నీ రోగానికి నా సుట్ట ఎందుకురా ఆపడం?"

"రెండు రోజులే అప్పా."

"రెండ్రోజులా? మీ బావ పోయినపుడు కూడా రెండ్రోజులాపలేదురా నాను!"

"అత్తా, నా కోసం," అంది పద్మ.

అప్ప దాని ముఖం చూసింది. "నీ కోసమైతే ఆపుతాను. ఈడి కోసం కాదు," అని చుట్టల డబ్బా తీసి నా ఒళ్ళో పడేసింది.

ఆ రెండు రోజులూ, రైల్లో కూడా, ఆమె నోట్లో లవంగం పెట్టుకుని నన్ను తిడుతూనే ఉంది. నన్ను తిట్టడం అయిపోతే ఫ్యాక్టరీని తిట్టింది, రైలుని తిట్టింది. సంబంధం లేని మనిషిగా అల్లుణ్ణి తీసుకెళ్ళాం. "మావయ్యగారూ, ఈ ఇంటి అల్లుడైనందుకు నన్ను కూడా పొడుస్తారేటండి?" అని అతను అంటే పద్మ నెలన్నర తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆస్పత్రిలో మమ్మల్ని చూసింది నడివయసు లేడీ డాక్టరు. తమిళావిడ. ఇంగ్లీషులో మాట్లాడింది, పద్మా నేనూ అప్పకు తెలుగులో చెప్పాం. ఆమె నా గ్రాఫు చూసి తోసెయ్యలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, పెన్సిలుతో గీతల వెంబడి పోయింది.

"ఇది ఎవరు గీశారు?"

"నేనేనండి."

"ఇది చూశాక కూడా రక్తం తీశారా?"

"ఇంకో పద్నాలుగు సీసాలు."

తన వృత్తివాళ్ళ గురించి ఏమీ అనలేదు. 1992 డైరీలో తల తిరుగుడు గురించి రాసింది చదివి, "ఇది చెవి సంగతి, దానంతట అదే పోతుంది. రక్తంతో దీనికి సంబంధం లేదు," అని పక్కన పెట్టింది.

పరీక్ష పేరు పీ-ఫిఫ్టీ. హిమోగ్లోబిన్ సగం ఆక్సిజన్‌తో నిండి ఉండడానికి ఎంత ఒత్తిడి చాలో కొలుస్తారు. అంకె తక్కువగా ఉంటే ఆ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటోందని అర్థం. మామూలు మనుషులకు ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటుంది. అల్లుడిది ఇరవై ఏడు. నాది పదిహేను. పద్మది పదిహేను. అప్పది పద్నాలుగు.

ఆ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద వరసగా రాసి మా వైపు తిప్పింది.

"మీ ముగ్గురి హిమోగ్లోబిన్ పుట్టుకతోనే కొంచెం వేరు. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ బాగా తీసుకుంటుంది. కండల దగ్గరికి వెళ్ళాక వదలడానికి పిసినారితనం చేస్తుంది. కండలకు చాలడం లేదని కిడ్నీకి తెలుస్తుంది. ఇంకా ఎర్రకణాలు కావాలని అది కబురు పంపుతుంది. ఎక్కువ కణాలు, కణానికి కొంచెం కొంచెం. అలా సరిపోతుంది. ఇది జబ్బు కాదు, మీ ఒంటి సర్దుబాటు."

"మరి పద్నాలుగు నార్మలని..." అన్నాను.

"ఇతనికి నార్మల్," అని అల్లుణ్ణి చూపించింది. "మీకు పద్దెనిమిదే నార్మల్. పద్నాలుగు అంటే మీకు రక్తహీనత. మూడేళ్ళు మీరు రక్తం చాలని మనిషిగా బతికారు."

అప్ప నా మోచెయ్యి గిల్లింది. "ఏటంతందిరా?"

చెప్పాను. అప్ప గట్టిగా నవ్వింది. "అయితే నా సుట్ట తప్పు కాదన్నమాట!"

డాక్టరుకు భాష తెలియకపోయినా భావం అర్థమైంది. "చుట్ట తప్పు వేరే ఉంది. నోరు తెరవండి," అని టార్చి వేసి అంగిలి చూసింది. తెల్లగా మచ్చలు ఉన్నాయి. ఆ నిప్పు కొస అలాగే లోపల పెట్టుకుంటే అక్కడ క్యాన్సర్ వస్తుందని, ఇక ఒక్కటి కూడా వద్దని చెప్పింది. అప్ప నవ్వు ఆగిపోయింది.

పద్మ అంతసేపూ ఒక్క ప్రశ్న కోసమే కూర్చుంది. "నేను పిల్లల్ని కనొచ్చా?"

"కనొచ్చు. పిల్లలకు ఈ గుణం రావడానికి సగం, రాకపోవడానికి సగం అవకాశం. వస్తే మీ అత్తలాగ డెబ్బై రెండేళ్ళకు రైలెక్కి వచ్చి డాక్టర్లతో దెబ్బలాడతారు."

నేను క్యాప్సూళ్ళ పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. పద్మది. పది క్యాప్సూళ్ళూ అలాగే ఉన్నాయి. ఆమె దాన్ని తన సొరుగులో వేసుకుంది. నాకు ఐరన్ మాత్రలు రాసింది. మూడేళ్ళుగా విశాఖపట్నంలో నన్ను ముట్టుకోవద్దన్నది వాటినే.

చోడవరం వచ్చాక రిపోర్టు కాపీ తీయించి విశాఖపట్నం పట్టుకెళ్ళాను. ఆయన చదివారు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"రేర్ కేసండి," అన్నారు. "నా స్థానంలో ఎవరున్నా ఇదే చేసేవారు."

"రేరేమిటండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. బయట వరండాలో మాటలు ఆగిపోయాయి. "ఒక్క ఇంట్లో ముగ్గురున్నాం. మా నాన్నను కూడా లెక్కేస్తే నలుగురం. మీరు చూడలేదు కాబట్టి రేరు. ఇంకెంతమందికి ఇలా తీస్తున్నారో, వాళ్ళ చెల్లెళ్ళకూ కూతుళ్ళకూ ఎంతుందో ఒక్కరినైనా అడిగారా? నా కూతురు మీ మాట విని ఉంటే ఏం చేసేవారు? దానికీ రేరనేవారా?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవుతున్నానండి. రాసుకోండి. నా ఫైల్లో మీరు రాయని సంగతి అదొక్కటే."

ఆయన బెల్లు కొట్టలేదు. నేనే లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను. దెబ్బలాటకు కాదు. ఇలా తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ స్ప్లీనూ మామూలుగా ఉండి ఎర్రకణాలు మాత్రమే పెరిగిన పాత పేషెంట్లు ఉంటే వాళ్ళ ఇళ్ళవాళ్ళను పిలిపించి చూడమని రాశాను. జవాబు రాలేదు. మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోను. నాకు ఆ సౌకర్యం లేదు, అంతా రాసి ఉంది.

ఇది రాస్తున్నది 1998లో. నాకు అరవై ఆరేళ్ళు. కిందటి నెల హిమోగ్లోబిన్ పద్దెనిమిది పాయింట్ నాలుగు. వడ్డాది సంతకు మళ్ళీ సైకిలు మీదే వెళుతున్నాను. ఏడాదికోసారి పరీక్ష తప్ప వేరే మందు లేదు. నీళ్ళు బాగా తాగమన్నారు, తాగుతున్నాను. న్యుమోనియా తర్వాత కుడి పక్క ఊపిరి కొంచెం పట్టేసినట్టు ఉంటుంది. అది అలాగే మిగిలిపోయింది. అప్ప చుట్టలు మానలేదు. నిప్పు కొస బయటికి తిప్పింది. అంతవరకు ఒప్పించడానికే నాకు ఏడాది పట్టింది.

పద్మకు ఆడపిల్ల. ఏడాదిన్నర. నడక రాగానే పరుగు మొదలుపెట్టింది. దానికి పరీక్ష చేయించుదామని నేనంటే పద్మ ఒప్పుకోదు. "ఉన్నదేదో ఉంటాది నాన్నా. తెలిసి మనం సేసేదేటుంది? దానికి జ్వరమొచ్చి ఎవరైనా రక్తం తీస్తే అప్పుడు సెబుతాను, మా ఇంటి నార్మల్ వేరని." ఆ మాట నాకు తోచలేదు. దానికి తోచింది. పిల్ల పుట్టిన రోజు పద్మ పేరున మా అందరి అంకెలతో ఒక పేజీ రాసి ఇచ్చాను, అది రేషన్ కార్డు పక్కన పెట్టుకుంది.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?" అని డాక్టరు అడిగితే, పరీక్ష చేయించి చూడకుండా లేదని చెప్పకండి. "తెలియదండి, చూసి చెబుతాను" అనండి. రక్తం ఎక్కువైందని తీయబోతుంటే, మొదటి సీసా నిండకముందే మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పిల్లలకూ ఒక్కొక్క హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నా సరే, ఎరుపుకు వేరే కారణం దొరికినా సరే. ఆ కాగితాలన్నీ ఒకే బల్ల మీద, ఒకే రోజు, డాక్టరు ముందు పెట్టండి. ఆయన చూసేదాకా కుర్చీలోంచి లేవకండి. కోప్పడితే కోప్పడనివ్వండి. డాక్టరు కోపం వల్ల ఎవరి రక్తమూ తగ్గిపోదు.